ఆకు రంగుల కాలం – 3వ పాఠం: ఏ చెట్టు ముందు, ఏ చెట్టు వెనక

రెండో పాఠంలోంచి ఒక్క ముక్క గుర్తుంటే ఈ పాఠానికి చాలు. పసుపు ఆకులో ముందునుంచీ ఉన్న రంగే, పత్రహరితం తగ్గగానే బయటపడుతుంది. ఎరుపు అలా కాదు, చాలా చెట్లలో ఆకు దాన్ని చక్కెరతో అప్పటికప్పుడు తయారుచేసుకుంటుంది. కాబట్టి పసుపు ఏ ఏడాదైనా దొరుకుతుంది. ఎరుపు బాగా రావాలంటే పగలు ఎండ కాయాలి, రాత్రి చల్లబడాలి, కానీ గడ్డకట్టేంత చలి ఉండకూడదు.

మన ఉదాహరణ అమెరికాలో ఈస్ట్ లాన్సింగ్‌లోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ. ఫాల్, అంటే ఆకులు రాలే కాలపు సెమిస్టర్‌కి కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న "పీక్ ఎప్పుడు?" అని, అంటే రంగులు నిండుగా ఉండేది ఎప్పుడని. ఏదో ఒక శనివారం చెబితే ఆ రోజు వెళ్లి ఫొటోలు దిగి వచ్చేద్దామని వాళ్ల లెక్క. క్యాంపస్ మొత్తానికి ఒకే పీక్ ఉండదు. సెప్టెంబర్ చివరి నుంచి నవంబర్ రెండో వారం దాకా చెట్లు వంతులవారీగా రంగు మారతాయి. ఆ వరస తెలిస్తే పరీక్షల మధ్య ఏది వాయిదా వేయొచ్చో, ఏది వేయకూడదో తెలుస్తుంది. ఈ పాఠంలో నేర్చుకునేది అదే.

ముందుగా మేపుల్ చెట్టును గుర్తుపట్టాలి. ఆకు ఆకారం చూసి మొదలుపెడితే తప్పు పోతారు, ఎందుకంటే స్వీట్‌గమ్, సికమోర్ ఆకులకూ పాయలుంటాయి. కొమ్మ చూడండి. మేపుల్‌కి ఆకులు, చిరుకొమ్మలు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. స్వీట్‌గమ్‌కి, సికమోర్‌కి ఒకటి ఈ పక్కన, తర్వాతిది ఆ పక్కన వస్తాయి. ఒకే కొమ్మ చూసి తేల్చేయకండి. జంటలో ఒకటి విరిగిపోయి ఉండొచ్చు కాబట్టి నాలుగైదు కొమ్మలు చూడాలి.

మేపుల్ అని తేలాక ఆకు పాయల మధ్య సందు చూడండి. సందు గుండ్రంగా ఉండి, అంచు నున్నగా ఉంటే అది షుగర్ మేపుల్. సందు కోసుగా ఉండి, అంచంతా రంపపు పళ్లలా ఉంటే రెడ్ మేపుల్. సందు చాలా లోతుగా చీలి, ఆకు అడుగు వెండి రంగులో ఉంటే సిల్వర్ మేపుల్. ఇది లేత పసుపుతో సరిపెడుతుంది, దీనికోసం ప్రత్యేకంగా వెళ్లక్కర్లేదు.

చిక్కంతా నార్వే మేపుల్‌తోనే. యూరప్ నుంచి తెచ్చి వీధుల వెంట నాటిన ఈ చెట్టు ఆకు అచ్చం షుగర్ మేపుల్‌లాగే ఉంటుంది. తేడా కాడలో ఉంది. గాలికి విరిగిపడ్డ పచ్చి ఆకు కాడ తుంచితే పాలు కారతాయి, షుగర్ మేపుల్‌కి కారవు. రాలిన పసుపు ఆకుతో ఈ పరీక్ష చేస్తే పాలు రాకపోవచ్చు, అప్పుడు రెక్కల కాయలు చూడండి. నార్వేకి రెండు రెక్కలూ దాదాపు ఒకే గీతలో చాచుకుని ఉంటాయి, షుగర్‌కి కిందికి వంగి దగ్గరగా ఉంటాయి. కాయలూ రాలిపోతే కొమ్మ చివర మొగ్గే దిక్కు: షుగర్‌కి గోధుమ రంగులో సన్నగా, మొనదేలి ఉంటుంది, నార్వేకి లావుగా, మొద్దుగా ఉంటుంది. ఇంత శ్రమ ఎందుకంటే, షుగర్ మేపుల్ అక్టోబర్ మధ్యలో నారింజ, ఎరుపు కలిసి మండిపోతున్నప్పుడు నార్వే ఇంకా పచ్చగానే ఉంటుంది. దాని కింద నిలబడి "ఈ ఏడు ఫాల్ ఆలస్యం" అనుకునేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.

ఇక వరస. మామూలు ఏడాదిలో ఇలా నడుస్తుంది, వారం అటూ ఇటూ కావచ్చు.

సెప్టెంబర్ చివర: బ్లాక్ వాల్‌నట్ పసుపై త్వరగా రాల్చేస్తుంది. నీటి ఒడ్డున ఉన్న రెడ్ మేపుల్స్ కొన్ని తొందరపడి ఎర్రబడతాయి, రెడ్ సీడర్ నది వెంట నడిస్తే కనిపిస్తాయి. యాష్ కూడా ముందే మారే చెట్టు. కానీ 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు ఈ రాష్ట్రంలో యాష్ చెట్లను చాలావరకు చంపేసింది.

ఇదే సమయంలో చెట్ల మొదళ్లకు పాకి అందరికన్నా ముందు ఎర్రగా మెరిసేది పాయిజన్ ఐవీ. ఒక్కో ఆకులో మూడు చిట్టాకులు, మధ్యదాని కాడ పొడవు. ముట్టుకోకండి. ఎండి రాలిన ఆకులోనూ దద్దుర్లు తెచ్చే నూనె ఉంటుంది. ఇది మన జీడిమామిడి కుటుంబపు మొక్కే, జీడి పెంకు నూనె చర్మాన్ని పొక్కించినట్టే ఇదీ చేస్తుంది. తగిలితే వెంటనే సబ్బుతో బాగా కడగాలి, బట్టలు విడిగా ఉతకాలి. ఐదు చిట్టాకులుంటే అది వర్జీనియా క్రీపర్, చూసి ఆనందించవచ్చు.

అక్టోబర్ మొదటి, రెండో వారాలు రెడ్ మేపుల్‌వి. నడిమి పది రోజులు షుగర్ మేపుల్‌వి, వీటిని వాయిదా వేయకండి. అప్పటికి ఆకు తొడిమ దగ్గర తెగిపోయే పొర తయారై ఉంటుంది, వానతో కలిసి ఒక్క రాత్రి గాలి వీస్తే సగం చెట్టు ఖాళీ. మిడ్‌టర్మ్స్ ఉన్నా క్లాసుకీ క్లాసుకీ మధ్య ఇరవై నిమిషాలు దీనికివ్వండి.

అక్టోబర్ చివర ఓక్‌లు. పాయల చివర్లు గుండ్రంగా ఉంటే వైట్ ఓక్, మొనదేలి ముల్లు ఉంటే రెడ్ ఓక్. ఇవి ఆకును అంత తేలిగ్గా వదలవు, కొన్ని చలికాలమంతా ఎండాకులతోనే నిలబడతాయి. వీటిని నిశ్చింతగా పరీక్షల తర్వాతకి నెట్టేయొచ్చు. టామరాక్ కూడా అప్పుడే బంగారు రంగుకొస్తుంది. సూదులాకుల చెట్టు పసుపైతే చచ్చిపోతోందని కంగారు పడకండి, ఇది ఏటా సూదులు రాల్చే రకం.

అన్నిటికన్నా చూడాల్సింది, అన్నిటికన్నా తేలిగ్గా చేజారేది గింకో. విసనకర్ర ఆకారపు ఆకు, నిండు పసుపు. దీని ఆకులన్నిటికీ తెగే పొర దాదాపు ఒకేసారి సిద్ధమవుతుంది, తొలిసారి గట్టిగా గడ్డకట్టే చలి పడగానే కొన్ని గంటల్లో చెట్టంతా రాలిపోతుంది. ఆకులు పూర్తిగా పసుపయ్యాక రోజూ వాతావరణ సూచన చూడండి. రాత్రి 28 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మైనస్ 2 సెల్సియస్‌కి దిగుతుందంటే తెల్లారగానే చెట్టు దగ్గరుండాలి. ఆడ చెట్టయితే కింద పడ్డ మెత్తటి విత్తనాలు భరించలేని కంపు కొడతాయి. చేత్తో పట్టుకుంటే కొందరికి దురద కూడా. కూర్చునే ముందు కింద చూసుకోండి.

నవంబర్ మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి వెళ్తుంది. అక్టోబర్ మొదట్లో ఏడు దాటాక అయ్యే సూర్యాస్తమయం అప్పటికి ఐదున్నర దగ్గరికి వస్తుంది. సాయంత్రం ల్యాబ్ ఉన్నవాళ్లు అప్పటినుంచి మధ్యాహ్న భోజన విరామానికి మారాలి.

ఈ వారం అభ్యాసం: హాస్టల్ నుంచి క్లాసుకి వెళ్లే దారిలో నాలుగు చెట్లు ఎంచుకోండి. ఒక రెడ్ మేపుల్, ఒక షుగర్ మేపుల్, ఒక ఓక్, దొరికితే ఒక గింకో. పేరు తేల్చుకోలేకపోతే మెయిన్ లైబ్రరీ దగ్గరున్న బీల్ వృక్షోద్యానానికి వెళ్లండి. 1873 నుంచి ఉన్న తోట, మొక్కలకు పేరు పలకలుంటాయి. వారానికి రెండుసార్లు, ఒకే చోట నిలబడి ఒకే వేళకి ఒక్కో ఫొటో తీయండి. ఒక్కో చెట్టు కింద రాలిన ఆకు ఒకటి ఏరండి, కొమ్మ మీద తెంపవద్దు. తడి తుడిచి, నాలుగు మడతల న్యూస్‌పేపర్ మధ్య పరిచి, పైన బరువైన పుస్తకాలు పెట్టండి. మొదటి మూడు రోజులు రోజూ పేపర్ మార్చాలి, లేకపోతే తేమ నిలిచి ఆకు నల్లబడుతుంది. నిగనిగలాడే మ్యాగజైన్ కాగితం తేమ పీల్చదు, లైబ్రరీ పుస్తకం అసలే వద్దు. కాగితం మీద చెట్టు పేరు, తేదీ రాసి ఉంచండి.

పది రోజులకు ఆకులు సిద్ధమవుతాయి. ఎరుపు వెలిసిపోకుండా దాచడం, మైక్రోవేవ్‌లో తొందరగా ఆరబెట్టబోతే పొగ ఎందుకొస్తుందన్నది నాలుగో పాఠంలో.