సాకు లేని మాట, 4వ పాఠం: కబురు ఏ వేళకి చెప్పాలి?

పోయిన పాఠంలో ఇచ్చిన ఇంటిపని గుర్తుంది కదా. ఒక రోజంతా మీ నోటి నుంచి వచ్చిన సాకులన్నీ రాసుకోమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఈ పాఠమంతా దానిమీదే. రాయనివాళ్ళు "టైం కుదర్లేదండీ" అనబోతుంటే, దాన్నే మొదటి పద్దుగా వేసుకోండి.

ముందు ఆ జాబితాలో పచ్చి అబద్ధాలు ఎన్నున్నాయో చూడండి. తక్కువే ఉంటాయి. సాకంటే అబద్ధమని మనకో నమ్మకం. నిజానికి మనం చెప్పే సాకుల్లో చాలావరకు జరిగిన సంగతులే. మా విశాఖపట్నంలో గాజువాక నుంచి సిరిపురం ఆఫీసుకి పదింటికి రావాల్సిన కుర్రాడు పదీ ముప్పావుకి వచ్చి, "ఎన్ఏడీ కూడలి దగ్గర బళ్ళు ఆగిపోయాయి సార్" అంటాడు. ఆగిపోయిన మాట నిజమే. అదే కుర్రాడు తొమ్మిదీ నలభైకి, ఇంకా షీలానగర్‌లో ఉండగానే ఫోన్ చేసి, "సార్, పదింటికి అందుకోలేను. పార్టీ వస్తే కాస్త కూర్చోబెట్టండి, ఇక్కడ బళ్ళు కదలట్లేదు" అన్నాడనుకోండి, దాన్ని ఎవరూ సాకు అనరు. ఆగిన బళ్ళు అవే, చెప్పిన మనిషీ వాడే. మారిందల్లా చెప్పిన వేళ.

ఈ పాఠం పట్టు ఇక్కడే ఉంది. వినేవాడు ఇంకా ఏదో ఒక ఏర్పాటు చేసుకోగలిగిన వేళలో చెబితే అది కబురు. ఆ వేళ దాటాక చెబితే, ఎంత నిజమైనా, సాకే. ఆడలేక మద్దెల ఓడన్నాడని వెక్కిరిస్తాం కానీ, మద్దెల నిజంగానే ఓడైందనుకోండి. కచేరీ మొదలయ్యాక ఆ సంగతి చెబితే ఎవరికి లాభం?

ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీలు చేసిన ఇళ్ళలో ఈ సంగతి ఎవరూ కూర్చోబెట్టి నేర్పక్కర్లేదు. కొలిమి ఆగదు. రిలీవర్ వచ్చి నిలబడేదాకా డ్యూటీలో ఉన్నవాడు కదలడానికి లేదు. రాలేనని ముందే తెలిస్తే ఇంకొకరిని పిలిపించుకుంటారు. తెలియకపోతే రాత్రంతా మేలుకున్నవాడే ఇంకో షిఫ్టు లాగాలి. మర్నాడు వచ్చి చెప్పే జ్వరం కథ వాడికి దేనికి?

అసలు వేళ దాటాక సాకు చెప్పడం మనకి ఎందుకింత అలవాటైంది? చిన్న పనుల్లో చెల్లుతుంది కనక. ఎలెన్ లాంగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి 1978లో ప్రచురించిన ఒక పరిశోధన ఉంది. న్యూయార్క్‌లో ఒక విశ్వవిద్యాలయంలోని జిరాక్స్ మిషన్ దగ్గర ఉన్నవాళ్ళని, ముందు మమ్మల్ని తీసుకోనివ్వండని అడిగి చూశారు. అయిదు పేజీలకి ఊరికే అడిగితే 60 శాతం మంది సరేనన్నారు. తొందరలో ఉన్నామని చెబితే 94 శాతం. "కాపీలు తీసుకోవాలి కాబట్టి" అని అర్థంలేని కారణం చెప్పినా 93 శాతం ఒప్పుకున్నారు! అదే ఇరవై పేజీలనేసరికి లెక్క తిరగబడింది. ఊరికే అడిగినా, ఆ ఉత్తుత్తి కారణం చెప్పినా 24 శాతమే. తొందరని చెబితే 42. అంటే అవతలివాడికి పోయేది కొంచెమైతే 'కాబట్టి' అన్న మాట చెవిన పడితే చాలు. పోయేది ఎక్కువైతే వాడు ఆ కారణాన్ని విప్పి చూస్తాడు. మనం మాత్రం అయిదు పేజీల అలవాటుతో ఇరవై పేజీల దగ్గరికి వెళ్తాం.

ఇప్పుడు దర్జీ దగ్గరికి. పెళ్ళిళ్ళ రోజులు, నాలుగు జాకెట్లు, శుక్రవారం ఇస్తానన్న మాట.

"ఏటి మాస్టారూ, అయిపోయాయా?"
"హుక్కులొక్కటే మిగిలాయమ్మా. కుర్రాడు రాలేదు. సాయంత్రం వచ్చీయండి."

గుడ్డ ఇంకా కత్తెర చూడలేదని ఇద్దరికీ తెలుసు. ఈ సంభాషణలో నాకు అన్నిటికన్నా నచ్చనిది హుక్కుల అబద్ధం కాదు, "సాయంత్రం" అన్న మాట. అబద్ధం గడిచిపోయిన దాని గురించి. "సాయంత్రం" మాత్రం ఆమెని పూర్ణా మార్కెట్ దాకా ఇంకోసారి తిప్పుతుంది, ఆటో డబ్బులు పెట్టిస్తుంది, వేరే దర్జీని చూసుకునే వ్యవధి కూడా తినేస్తుంది. సాకు పక్కనే కొత్త మాట ఇచ్చేయడం మనందరికీ ఉన్న జబ్బే. ఎదుటి మనిషి మొహం చూడలేక ఇచ్చేస్తాం.

అదే దర్జీ బుధవారం ఫోన్ చేస్తే ఎలా ఉండాలో చూడండి:

"అమ్మా, శుక్రవారానికి నాలుగూ అవ్వవమ్మా. ముహూర్తానికి కట్టుకునే చీర మీదది ఒకటి ఇచ్చేస్తాను. మిగతావి ఆదివారం. కాదంటే ఆ మూడు గుడ్డలూ ఇప్పుడే తీసుకెళ్ళిపోయినా నేనేమీ అనుకోను. కుర్రాడు ఊరెళ్ళిపోయాడు."

వరస గమనించండి. అవ్వదన్న మాట ముందొచ్చింది. ఎంతవరకు అవుతుందో, ఎప్పటికో దాని వెంటే వచ్చాయి. ఆమెకి ఇంకో దారి తెరిచి ఉంచాడు. కారణం అన్నిటికన్నా చివర, ఒక్క ముక్క. కారణంతో మొదలుపెడితే వినేవాళ్ళకి మొదటి వాక్యంలోనే ఒళ్ళు మండుతుంది. అసలు సంగతి వచ్చేసరికి వినే ఓపిక ఉండదు.

మరి ముందే చెప్పే దారి లేకపోతే? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఊరి మీద పడినప్పుడు కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఎందుకు రాలేదని ఎవరూ ఎవరినీ నిలదీయలేదు. అలాంటప్పుడు కారణం చెప్పాల్సిన పనే ఉండదు. అయితే ఫోన్లు వచ్చేశాక చాలా రోజులకి కూడా "తుఫానండీ" అనేవాళ్ళున్నారు. వాళ్ళది సాకే.

ఒక మినహాయింపు. "ఇప్పుడే తినొచ్చాను వదినా", "టీ మానేశానండీ" లాంటివి మీ కాగితంలో ఉంటే కొట్టేయండి. అవి మర్యాద మాటలు. అన్నవాళ్ళకీ విన్నవాళ్ళకీ సంగతి తెలుసు, ఎవరికీ ఏమీ పోదు. నిజాయితీ పేరుతో వీటిని కూడా పీకేయమనే గురువులున్నారు, వాళ్ళ మాట వినకండి. కానీ భోజనాల లెక్క కోసం పెళ్ళివారు ఫోన్ చేస్తే "వీలు చూసుకుని వస్తాం" అంటున్నారా, అది కొట్టేయకండి. ప్రతి విస్తరికీ వాళ్ళు డబ్బు కట్టాలి.

ఈ వారం పని. మీ కాగితంలోంచి నిజమైన సాకులు మూడు తీసుకోండి. ఒక్కోదాని పక్కన రెండు వేళలు వేయండి: పని జరగదని మీకు మొదటిసారి అనిపించింది ఎప్పుడు, నోరు విప్పి చెప్పింది ఎప్పుడు. అనిపించింది ఎప్పుడని రాయండి, ఖాయమైంది ఎప్పుడని కాదు. ఖాయమయ్యేదాకా ఆగడమే సగం సాకులకి మూలం. తర్వాత ఆ మూడింటినీ మొదటి వేళకి చేసే ఫోన్‌గా తిరగరాయండి, దర్జీ వరసలోనే. కారణం మొదటి వాక్యంలో కనబడితే ఆ వాక్యం కొట్టేసి మళ్ళీ రాయండి. రాసింది పైకి చదవండి. ఇరవై సెకన్లు దాటుతుంటే ఎక్కడో వివరణ దూరిందన్నమాట.

వచ్చే పాఠం రాలేనని చెప్పడం గురించి. ఆ పెళ్ళివారి ఫోన్‌తోనే మొదలుపెడదాం.