జీవశాస్త్రం బేసిక్స్: తడబడే చోట్లు, సరిచేసుకునే దారులు

నిర్వచనాలన్నీ నోటికి వచ్చు. ప్రశ్న కాస్త తిప్పి అడిగితే మాత్రం కలం కదలదు. అలాంటప్పుడు మళ్లీ బట్టీ పట్టడం దండగ. చేస్తున్న తప్పు ఏ రకానిదో ముందు చూసుకోవాలి.

సమస్య: కణవిభజనలో క్రోమోజోముల లెక్క ఎప్పుడూ తప్పుతోంది

కారణం చాలాసార్లు విభజన పాఠంలో ఉండదు, అంతకు ముందే ఉంటుంది. జన్యువు, డీఎన్‌ఏ, క్రోమోజోమ్ అనేవి మూడు వేర్వేరు వస్తువులని మనసులో పడిపోతుంది. క్రోమోజోమ్ అంటే ప్రోటీన్లకు చుట్టుకుని ఉన్న పొడవాటి డీఎన్‌ఏ. ఆ డీఎన్‌ఏలో ఒక భాగమే జన్యువు. మనిషి శరీర కణంలో క్రోమోజోములు 46 అయితే, ప్రోటీన్ల తయారీకి సమాచారం ఇచ్చే జన్యువులు దాదాపు 20,000. (క్రోమోజోములు ఎక్కువుంటే జీవి గొప్పదేమీ కాదు. బంగాళాదుంప మొక్కకు 48 ఉంటాయి.)

రెండో చిక్కు: విభజనకు ముందు డీఎన్‌ఏ రెట్టింపవుతుంది కాబట్టి 46 కాస్తా 92 అయ్యాయనుకుంటారు. కాలేదు. రెట్టింపైన క్రోమోజోమ్‌లో రెండు క్రొమాటిడ్లు, అంటే ఒకేలాంటి రెండు ప్రతులు, సెంట్రోమియర్ అనే చోట అతుక్కునే ఉంటాయి. 92 ఉన్నవి క్రొమాటిడ్లు.

పరిష్కారం: సెంట్రోమియర్లను లెక్కపెట్టండి. ఎన్ని ఉంటే అన్ని క్రోమోజోములు. 46తో కుస్తీ పట్టొద్దు, 4 క్రోమోజోములున్న కణాన్ని కాగితం మీద గీయండి. ఒక పొడుగు జత, ఒక పొట్టి జత. తల్లి నుంచి వచ్చినవి ఒక రంగు, తండ్రి నుంచి వచ్చినవి ఇంకో రంగు. సమవిభజనలో (శరీర కణాలు పెరిగే విభజన) క్రొమాటిడ్లు విడిపోయి, ఏర్పడిన రెండు కణాల్లోనూ నాలుగేసి ఉంటాయి. క్షయకరణ విభజనలో (బీజకణాలు ఏర్పడే విభజన) మొదట విడిపోయేవి జతలు, క్రొమాటిడ్లు కావు. అంటే సంఖ్య సగమయ్యేది మొదటి విభజనలోనే. క్రొమాటిడ్లు రెండోసారి విడిపోతాయి. చివరికి నాలుగు కణాలు, ఒక్కోదాంట్లో రెండేసి. ఈ బొమ్మను పుస్తకం చూడకుండా గీయగలిగితే ఈ పాఠంతో టెన్షన్ తీరినట్టే.

సమస్య: "మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ జరుపుతాయి" అని రాస్తున్నారు

కారణం: పగలు బయటికి కనిపించేది ఆక్సిజనే. మంచి వెలుతురులో కిరణజన్య సంయోగక్రియ వేగం ఎక్కువ. శ్వాసక్రియలో వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌ను ఆకు లోపలే వాడేసుకుంటుంది. బయటికి రాలేదంటే జరగలేదని కాదు.

పరిష్కారం: వేరును తలుచుకోండి. అక్కడ వెలుతురూ లేదు, పత్రహరితమూ లేదు. మరి దాని కణాలు ఎలా బతుకుతున్నాయి? ఆకులు పంపిన చక్కెరను ఆక్సిజన్‌తో విడగొట్టి, రాత్రీపగలూ శక్తి తీసుకుంటున్నాయి. మట్టిలో నీరు నిలిచిపోతే గాలి అందక వేర్లు దెబ్బతినేది ఇందుకే.

సమస్య: ద్రవాభిసరణలో నీరు ఎటు వెళ్తుందో గుర్తుండదు

కారణం: ద్రవాభిసరణ అంటే కణపు పొర గుండా నీరు కదలడం. హైపర్‌టానిక్ (గాఢత ఎక్కువ), హైపోటానిక్ (గాఢత తక్కువ) అన్నవి ద్రావణానికి పుట్టుకతో వచ్చిన గుణాలని అనుకోవడం. అవి పోలికలు మాత్రమే. దేనితో పోలుస్తున్నామో చెప్పకపోతే వాటికి అర్థం లేదు.

పరిష్కారం: "ఉప్పు, చక్కెర లాంటి పదార్థాల గాఢత కణం లోపల ఎక్కువా, బయట ఎక్కువా?" అని అడగండి. అవి పొర దాటలేనప్పుడు, ఎక్కువున్న వైపుకే నీరు మొగ్గుతుంది. స్వచ్ఛమైన నీటిలో ఎర్ర రక్తకణం ఉబ్బి పగిలిపోతుంది. మొక్క కణం ఉబ్బుతుంది గానీ పగలదు, కణకవచం ఆపుతుంది.

సమస్య: "మందుకు బాక్టీరియా అలవాటు పడి నిరోధకత (మందును తట్టుకునే శక్తి) తెచ్చుకుంది" అని రాస్తున్నారు

కారణం: పరిణామాన్ని ఒక్క జీవి కథగా చెప్పడం.

పరిష్కారం: వాక్యానికి కర్తగా మొత్తం సమూహాన్ని పెట్టండి. మందును తట్టుకునే కొన్ని బాక్టీరియాలు ఆ సమూహంలో ముందే ఉన్నాయి. మందు మిగతావాటిని చంపింది. బతికినవి సంతతిని పెంచాయి. ఇలా రాస్తే "అలవాటు" అన్న మాట అవసరమే రాదు.