కేబుల్ టై తోక కత్తిరించేటప్పుడు

ప్యానెల్ బోర్డులోంచి చెయ్యి బయటికి తీసేసరికి నా ముంజేతి మీద మూడు ఎర్రటి గీతలు. గీసింది రేకు అంచు కాదు, అంతకుముందు ఎవరో ఏటవాలుగా కత్తిరించి వదిలేసిన కేబుల్ టై, అంటే వైర్లను కట్టగా బిగించే నైలాన్ పట్టీ, మొనలు. నైలానే కదా అనుకుంటాం, కానీ ఏటవాలుగా తెగితే బ్లేడులా కోస్తుంది. మోటారు అదురు తగిలే చోటైతే పక్క వైరు ఇన్సులేషన్‌ను కూడా అరగదీస్తుంది.

ముందు కరెంటు సంగతి. మెయిన్ ఆపి తాళం వేయండి. టెస్టర్‌ను కరెంటు ఉందని తెలిసిన చోట ఒకసారి, పని చేసే చోట ఒకసారి, మళ్లీ తెలిసిన చోట ఒకసారి పెట్టి చూడండి. టెస్టరే పాడైతే ఈ మూడో చూపులో బయటపడుతుంది. డ్రైవ్ (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం), యూపీఎస్ లాంటివాటిలో కెపాసిటర్లు ఖాళీ కావడానికి పరికరం మీద రాసినంతసేపు ఆగాలి. కట్టర్ పిడికున్న మామూలు రబ్బరు తొడుగు పట్టు కోసమే, షాక్ నుంచి కాపాడదు. 1000 వోల్టుల గుర్తున్న ఇన్సులేటెడ్ కట్టర్ వేరు. అది చేతిలో ఉన్నా నేను మెయిన్ ఆపే పని చేస్తాను.

చాకు వద్దు, జారితే నేరుగా వైరు మీదికే పోతుంది. ఒకవైపు చదునుగా ఉండే ఫ్లష్ కట్టర్ తీసుకోండి. కోసే ముందే టై తలను, అంటే పట్టీ దూరి బిగుసుకునే గడిని, చేతులు తగలని వైపుకి తిప్పుకోండి. కళ్లద్దాలు పెట్టుకుని, తల దాటి మిగిలిన తోకను ఎడమ చేత్తో వైర్లకు దూరంగా లాగి పట్టుకోండి, లేకపోతే తెగిన ముక్క ఎగిరి కంట్లో పడొచ్చు. కట్టర్ చదును వైపును తలకు ఆనించి, తోకకు సరిగ్గా అడ్డంగా, ఏటవాలు లేకుండా నొక్కండి. నొక్కే ముందు దవడల వెనక వైరు లేదని వంగి చూడాల్సిందే. కోశాక వేలితో మెల్లగా తడిమి, గుచ్చుకుంటే మళ్లీ కోయండి.

పాత టై తీయడం ఇంకా జాగ్రత్త పని. బిగుసుకున్న పట్టీ కిందికి బ్లేడు దూర్చారంటే వైరు చెక్కుకుపోతుంది. నేను పట్టీ జోలికి పోను, వైర్లకు ఎడంగా పైకి ఉబ్బి ఉండే తలనే అడ్డంగా కొరికేస్తాను. ఒకవేళ ఇన్సులేషన్ తెగితే టేపు చుట్టి సరిపెట్టకండి, ఆ వైరు మార్చండి.

తోకల్ని లోపల పడనివ్వకండి, కూలింగ్ ఫ్యాన్‌లో ఇరుక్కుంటాయి. ఎన్ని టైలు కట్టానో అన్ని తోకలూ జేబులో లెక్క తేలేదాకా నేను మూత బిగించను.