ఈస్ట్ ఆకలి పాఠాలు – 3: కనిపించని బ్యాండ్‌ను చదవడం

గత పాఠంలో ఆకలి కబురు ఎలా చేరుతుందో చూశాం. ఆహారం ఉన్నంతసేపు టార్క్1 అనే ఎంజైమ్ సముదాయం ఏటీజీ13 అనే ప్రొటీన్ మీద ఫాస్ఫేట్లు అంటిస్తూ ఉంటుంది. నైట్రోజన్ అందకపోతే టార్క్1 చతికిలబడుతుంది, ఆ ఫాస్ఫేట్లు ఊడిపోతాయి, ఏటీజీ13 వెళ్లి ఏటీజీ1, ఏటీజీ17 అనే ప్రొటీన్లతో జట్టు కడుతుంది. ఆటోఫేజీ మొదలవుతుంది: అంటే కణం తన భాగాలనే సంచుల్లో చుట్టి, రిక్తిక అనే అరుగుదల గదికి పంపి జీర్ణం చేసుకుంటుంది. అది జరిగిందో లేదో వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్లను బరువును బట్టి విడదీసి చారలుగా, అంటే బ్యాండ్లుగా చూపే పరీక్ష) మీద చదవడమే ఈనాటి పని.

సంచి పొరకు అతుక్కునే ఏటీజీ8 ప్రొటీన్‌కు, పచ్చగా మెరిసే జీఎఫ్‌పీ ప్రొటీన్‌ను జోడించిన ఈస్ట్‌ను తీసుకుంటాం. సంచిలో చిక్కి రిక్తికలోకి చేరిన ఏటీజీ8 అక్కడ జీర్ణమైపోతుంది. జీఎఫ్‌పీ మొండిది, అంత సులభంగా అరగదు. అందుకే బ్లాట్‌పై పైన సుమారు 40 కిలోడాల్టన్ల (ప్రొటీన్ బరువు కొలత) దగ్గర జంట ప్రొటీన్, కింద 27 దగ్గర విడి జీఎఫ్‌పీ కనిపిస్తాయి.

ఇప్పుడు బ్లాట్‌పై నాలుగు లేన్లు (ఒక్కో నమూనాకు ఒక నిలువు వరుస) ఊహించుకోండి. మొదటిది ఆహారం ఉన్న మామూలు ఈస్ట్: కింద దాదాపు ఏమీ లేదు. రెండోది నాలుగు గంటలు నైట్రోజన్ లేకుండా ఉన్నది: కింది బ్యాండ్ స్పష్టం. మూడోది ఏటీజీ1 తీసేసి ఆకలికి గురిచేసినది: కింద ఖాళీ. నాలుగోది రిక్తికలోని ప్రొటీన్లను అరిగించే పీఈపీ4 తీసేసి ఆకలికి గురిచేసినది: ఇక్కడా ఖాళీయే.

మూడు, నాలుగు ఒకేలా ఉన్నాయి కదా? ఇక్కడ తొందరపడకండి. మూడోదానిలో సంచి తయారే కాలేదు. నాలుగోదానిలో సంచులు తయారై, రిక్తికలోకి చేరి, అరగక అలాగే ఉండిపోయాయి. బ్లాట్ ఈ తేడా చెప్పలేదు, మైక్రోస్కోప్ చెబుతుంది. జపాన్ జీవశాస్త్రవేత్త యోషినోరి ఓసుమి చూసింది సరిగ్గా ఇదే: అరిగించే ఎంజైమ్‌లు లేని ఈస్ట్‌ను ఆకలికి గురిచేస్తే, కొద్ది గంటల్లోనే రిక్తిక నిండా గుండ్రని సంచులు అటూ ఇటూ కదులుతూ కనిపించాయి. 2016 నోబెల్‌కు దారితీసిన పరిశోధన అక్కడే మొదలైంది. నా దృష్టిలో జీవశాస్త్రంలో ఇంత అందమైన ఉపాయాలు అరుదు: పనిని చూడాలంటే దాని చివరి మెట్టును ఆపేశారు.

ఇంకొక జాగ్రత్త. ఆకలి వేళ కణం ఏటీజీ8నే ఎక్కువగా తయారుచేస్తుంది. కాబట్టి కింది బ్యాండ్ ముదురుగా ఉందని సంబరపడకుండా, రెండు బ్యాండ్ల మొత్తంలో దాని వాటా ఎంతో కొలవండి.

అభ్యాసం: రాపమైసిన్ అనే మందు టార్క్1ను ఆపుతుంది. ఆహారం పుష్కలంగా ఉన్న మామూలు ఈస్ట్‌కు, ఏటీజీ1 లేని ఈస్ట్‌కు దాన్ని ఇచ్చాం. రెండు లేన్లూ కాగితంపై గీసి ఉంచుకోండి. నాలుగో పాఠం ఆ బొమ్మతోనే మొదలవుతుంది.