పొగగొట్టం లాగాలంటే

కల్వకుర్తి చుట్టుపక్కల నేను కట్టే పొయ్యిలు ఎక్కువగా జొన్నరొట్టెలు చేసి అమ్మేవారివి. గ్యాసు ఉన్నా రొట్టెకు కట్టెల మంటే కావాలంటారు, ఆ మాట నిజమే. పాత పెంకుటిళ్లలో గూనపెంకుల సందుల్లోంచి పొగ తనంతట తానే పోయేది. స్లాబులు వచ్చాక ఆ సందులు లేవు. అందుకే "మేస్త్రీ, గొట్టం పెట్టించినా పొగ ఇంట్లోకే వస్తోంది" అని కబురు చేస్తారు.

వెళ్లగానే నేను చూసేది గొట్టాన్ని కాదు, తలుపులనూ కిటికీలనూ. మూతి ఇరుకైన సీసాను తలకిందులు చేస్తే లోపలికి గాలి పోతేనే నీళ్లు బయటికి వస్తాయి. పొగ సంగతీ అంతే. తలుపు బిగుతుగా మూసి, పైగా ఎగ్జాస్ట్ ఫ్యాను వేస్తే ఆ లోటు పూడ్చడానికి గాలి గొట్టంలోంచే కిందికి దిగుతుంది, పొగను వెంటబెట్టుకుని. కట్టెలు మండుతున్నంతసేపు ఫ్యాను ఆపండి. పొయ్యికి దగ్గరగా, నేలకు జానెడు ఎత్తున, బయటి గోడకు 9 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తు ఉన్న రంధ్రం తీయించండి. పాములు రాకుండా ఇనుప జాలీ చాలు. దోమల జాలీ వేస్తే మసి పట్టి మూసుకుపోతుంది.

తప్పు ఎక్కడుందో అగరుబత్తి చెబుతుంది. పొయ్యి అంటుకున్నాక దాన్ని పొయ్యి నోటి దగ్గర పట్టుకోండి. పొగ లోపలికి వంగితే గొట్టం లాగుతున్నట్టే. తలుపు తీసినప్పుడు లోపలికి పోయి, మూయగానే వెనక్కి తిరిగితే గొట్టాన్ని తిట్టవద్దు, గదికి గాలి చాలడం లేదు. తలుపు తీసినా వెనక్కే వస్తుంటే మేడ ఎక్కండి.

మన వాస్తులో వంటగది ఆగ్నేయంలో, నీళ్ల ట్యాంకు నైరుతిలో ఉంటాయి. వానాకాలపు గాలి పడమటి నుంచి వస్తుంది. అది ట్యాంకునూ మెట్ల గదినీ దాటి ఇవతలికి దిగేచోటే గొట్టం పొట్టిగా నిలబడి ఉంటే, పొగను మళ్లీ పొయ్యిలోకి తోస్తుంది. జూన్, జూలై నెలల్లో వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు ఇవే. గొట్టం స్లాబు మీద కనీసం 3 అడుగులు లేవాలి. 10 అడుగుల లోపల పిట్టగోడ ఉన్నా, ట్యాంకు ఉన్నా దానికంటే 2 అడుగులు ఎత్తుండాలి. అమెరికాలో ఇళ్లలో చలిమంట గూళ్లు కట్టేవారి లెక్కా ఇదే.

స్లాబు కురుస్తుందని భయపడి గోడలోంచి అడ్డంగా గొట్టం తీయించేవారున్నారు. నాకది నచ్చదు. పొగ వేడిగా ఉంటేనే పైకి లేస్తుంది. అడ్డంగా పాకి, బయటి గాలికి చల్లబడితే బద్ధకిస్తుంది. కడ్డీలు తెగకుండా చూసి స్లాబులోంచే నిటారుగా తీయండి, చుట్టూ రేకు పట్టీ వేసి వాన నీరు దిగకుండా పూడ్చండి. వంపు తప్పకపోతే మూలమట్టం ఎల్బో ఒకటి కాకుండా ఏటవాలువి రెండు వాడండి. ఇంటి పొయ్యికి 4 అంగుళాల గొట్టం సరిపోతుంది. పెద్ద పెనం పెట్టేవారికి 6 అంగుళాలది కావాలి. పొగ దారి రెట్టింపు దాటుతుంది. జీఐ రేకు గొట్టమే కొనండి. పీవీసీ ముక్క మిగిలిందని తగిలిస్తే కరిగి చేతికొస్తుంది. వాన మూతకూ గొట్టం మూతికీ మధ్య గొట్టం వెడల్పంత ఖాళీ ఉంచండి.

తెల్లవారుజామున గొట్టం చల్లగా ఉంటుంది కాబట్టి ముందు ఒక కాగితమో, గుప్పెడు కంది కట్టెలో భగ్గున మండించి, తర్వాత సర్కారు తుమ్మ మొద్దులు పెట్టండి. పచ్చి తుమ్మకు ఏ గొట్టమూ చాలదు.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను: చలికాలంలో బొగ్గుల కుంపటిని పడకగదిలో పెట్టి తలుపులు మూయవద్దు. బొగ్గుకు పొగ లేదని ధైర్యపడతారు గానీ, దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

గొట్టం అడుగున ఎల్బోకు బదులు మూత ఉన్న టీ (ఇంగ్లిషు T ఆకారపు గొట్టం ముక్క) పెట్టించుకుంటే మసి దులపడం తేలిక. తాడుకు రాయి, మధ్యలో గోనెసంచి ముడి కట్టి పైనుంచి వదిలి లాగాలి. రోజూ రొట్టెలు చేసేవారు నెలకోసారి, మిగతావారు వానలకు ముందు ఒకసారి దులిపినా చాలు.