పోల్ వాల్ట్: పోటీకి ముందురోజే తేల్చుకోవలసిన లెక్కలు

పోల్ అనే పొడవాటి కర్ర ఊతంతో బార్ (అడ్డకడ్డీ) మీదుగా దూకే పోల్ వాల్ట్‌లో వరుసగా మూడు అటెంప్ట్‌లు పోతే ఇంటికే. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ ఎత్తు వదిలేయాలి, పోల్ ఎప్పుడు మార్చాలి అన్నవి రన్‌వే పక్కన కూర్చుని, గుండె దడదడలాడుతుంటే తేలే విషయాలు కావు. ముందురోజే ఒక కాగితం మీద పెట్టుకోవాలి.

ముందుగా బార్ ఎత్తుల వరుస కనుక్కోండి. పోటీ మొదలయ్యేలోపు అధికారులు దాన్ని చెప్పి తీరాలి. 3.60, 3.80, 4.00, 4.10, 4.20, 4.30, 4.35, 4.40, 4.45 అని ఉందనుకుందాం. మీ బెస్ట్ 4.40. చాలామందికి ఏడెనిమిది జంప్‌లు దాటాక పరుగులో వేగం తగ్గిపోతుంది. కాబట్టి 4.40 దగ్గరికి వచ్చేసరికి నాలుగైదుకు మించి ఖర్చు కాకూడదు. ప్లాన్ మొత్తం ఈ లెక్క చుట్టూనే తిరుగుతుంది.

మొదలుపెట్టే ఎత్తు బెస్ట్‌కు 30–40 సెం.మీ. తక్కువ ఉంటే మంచిది. ఇక్కడ 4.00. ఎదురుగాలి వీచినా, ఒక మెట్టు మెత్తని పోల్‌తోనైనా పదికి ఎనిమిదిసార్లు దాటగలరా? లేదంటే 3.80కి దిగండి, అందులో నామోషీ ఏమీ లేదు. అలాగని 3.60 నుంచే దూకుతూ వస్తే కాళ్లు అక్కడే అయిపోతాయి.

ఆలస్యంగా దిగేవాళ్లకు అసలు చిక్కు ఎదురుచూపుతోనే. పదిహేను మంది ఉంటే, బార్ సర్దడంతో కలిపి ఒక్కో జంప్‌కు నిమిషంన్నర వేసుకున్నా, తప్పిన జంప్‌లతో కలిపి రెండు ఎత్తులు గడిచేసరికి గంట దాటొచ్చు. పోటీ మొదలయ్యాక రన్‌వే మీదగానీ, పోల్‌తోగానీ ప్రాక్టీసు చేయనివ్వరు. పోల్‌కు టేపు చుట్టుకోవడం, చేత్తో పట్టి చూసుకోవడం వరకే. అందుకని మీ ముందు ఐదారుగురు ఉన్నారనగానే లేచి, ఖాళీ జాగాలో మూడు నాలుగు చిన్న పరుగులు తీయండి. పేరు పిలిచాక టైము ఒక్క నిమిషమే. ముగ్గురే మిగిలితే రెండు నిమిషాలు.

ఇక కాగితం. సుమారు 66 కిలోల బరువున్న వాల్టర్‌కు, 4.27 మీటర్ల పోల్స్‌తో, ఇలా ఉండొచ్చు (పౌండ్లు పోల్ ఎంత బరువు వాల్టర్‌కు తగినదో చెప్పే అంకె, ఎక్కువైతే పోల్ గట్టిది; గ్రిప్ అంటే పోల్ మీద పైచేయి పట్టు ఎంత ఎత్తులో ఉందో మీటర్లలో; స్టాండర్డ్స్ అంటే బార్‌ను మోసే స్తంభాలు; పాస్ అంటే ఆ ఎత్తు దూకకుండా వదిలేయడం):

4.00 – 155 పౌండ్ల పోల్, గ్రిప్ 4.00, స్టాండర్డ్స్ 60
4.10 – పాస్
4.20 – 155 పోల్, గ్రిప్ 4.05, స్టాండర్డ్స్ 60
4.30 – 160 పోల్, గ్రిప్ 4.10, స్టాండర్డ్స్ 65
4.35 – 4.30 మొదటిసారే దాటితే పాస్
4.40 – 160 పోల్, గ్రిప్ 4.10, స్టాండర్డ్స్ 70

ఎదురుగాలికి 150, తోడుగాలికి 165 పక్కన సిద్ధంగా ఉండాలి. గ్రిప్ 4.10 అంటే, బాక్స్ (పోల్ కొన దించే గుంట) లోతు 20 సెం.మీ. తీసేస్తే పైచేయి నేలకు 3.90 ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి 4.40 దాటాలంటే చేతికి పైన అర మీటరు లేవాలి. ప్రాక్టీసులో అంత లేవని రోజున ప్లాన్‌లో 4.40 రాసుకుని లాభం లేదు.

స్టాండర్డ్స్ అంకె బార్ బాక్స్‌కు ఎంత వెనక ఉందో చెబుతుంది, 0 నుంచి 80 సెం.మీ. దాకా. పైకి లేస్తూనే బార్ తగులుతోందంటే బార్ దగ్గరగా ఉన్నట్టు, 80 వైపు జరిపించండి. 80లోనూ అదే జరిగితే ఒక మెట్టు గట్టి పోల్ తీయాలి. ఎత్తంతా బార్‌కు ముందే అయిపోయి, దిగుతూ దాని మీద పడుతున్నారా? ఐదో పదో ముందుకు జరపండి, కానీ 45 కంటే దగ్గరికి వద్దు, బాక్స్‌లో పడే ప్రమాదం ఉంది. అసలు పోల్ నిలువుగా లేవకుండా వెనక్కి తోస్తుంటే స్టాండర్డ్స్‌ను ముట్టుకోవద్దు. గ్రిప్ దించండి, లేదా మెత్తని పోల్ పట్టండి. మొదటి జంప్‌కు కావలసిన అంకెను పోటీకి ముందే అధికారికి చెప్పాలి. తరవాత మార్చాలనుకుంటే వాళ్లు బార్ సర్దేలోపే చెప్పాలి, లేకపోతే గడియారం మీ మీద పరుగెడుతుంది.

పాస్ విషయానికొస్తే, సమాన ఎత్తు దాటినవాళ్లలో మొదట చూసేది ఆ ఆఖరి ఎత్తులో ఎన్ని తప్పులని. అదీ సమానమైతే, ఆ ఎత్తు వరకు మొత్తం తప్పులు లెక్కిస్తారు. 4.10లో కొట్టుకున్న ఒక ఎక్స్ (తప్పిన జంప్ గుర్తు) చివర్లో పతకం రంగు మార్చేయగలదు. పాస్ చేస్తే ఆ ముప్పు లేదు.

ఒక ఎత్తులో రెండు పోయాక పాస్ చేస్తే, పై ఎత్తులో మిగిలేది ఒక్కటే అటెంప్ట్. ఇది ఎప్పుడు సబబో 2016 రియోలో కనిపించింది. బ్రెజిల్‌కు చెందిన థియాగో బ్రాజ్ 6.03ను రెండో ప్రయత్నంలో దాటాడు. రెండుసార్లు తప్పిన ఫ్రాన్స్ వాల్టర్ రెనో లావిలెనీ మూడోసారి దాటినా వెనకే ఉంటాడు. అందుకే మిగిలిన ఒక్క అటెంప్ట్‌ను 6.08కి దాచుకున్నాడు. దాటలేదు గానీ లెక్క మాత్రం సరైనదే. దీనికి ఎదురు ఉదాహరణ 1992 బార్సిలోనా: ఉక్రెయిన్ వాల్టర్ సెర్గీ బుబ్కా 5.70లో రెండు పోగొట్టుకుని 5.75కి వెళ్లాడు, అదీ పోయి ఖాతానే తెరవలేదు. కాగితం మీద ఇది పెద్దక్షరాలతో రాసుకోండి: ఒక్క ఎత్తూ దాటకముందు, తప్పు పడ్డాక పాస్ లేదు.

పోల్స్ రైల్లో వస్తాయో లేదో వారం ముందే తేల్చుకోండి. అప్పు పోల్ మీద ఆశ పెట్టుకుంటే, సొంతదారు ఒప్పుకోకుండా వాడకూడదని నిబంధనే ఉంది.

వార్మప్ జంప్‌లు మూడు చాలు. వాటిలో కోచ్ చూడాల్సింది టేకాఫ్ పాదాన్ని. అది పైచేయికి సరిగ్గా కింద పడాలి. తోడుగాలికి అడుగులు సాగి పాదం బాక్స్ వైపు జొరబడుతుంది, అప్పుడు రన్-అప్ గుర్తును ఒక అడుగు వెనక్కి జరపండి. ఎదురుగాలికి అంతే ముందుకు. రెండు ఎక్స్‌లు పడ్డాక గుర్తు, గ్రిప్, పోల్, స్టాండర్డ్స్ అన్నీ ఒకేసారి మార్చేస్తారు చాలామంది. మూడో అటెంప్ట్‌కు ఒక్కటే మార్చండి, పాదం తప్పిందంటే ముందు గుర్తునే.