బిట్లు పక్కన పెట్టి పుస్తకం చదవడం ఎట్లా

హన్మకొండలో గ్రంథాలయానికి పొద్దున కాస్త ఆలస్యంగా పోతే కుర్చీ దొరకదు. టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, లావుపాటి గైడు, నాలుగు రంగుల పెన్నులు పెట్టుకుని గ్రూప్స్‌కి చదివే పిల్లలు అప్పటికే కూర్చుని ఉంటారు. వాళ్లని ఏమనడానికీ లేదు, వాళ్ల టెన్షన్ వాళ్లది. కానీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఎప్పుడు పెట్టారు అంటే 1904 అని టక్కున చెప్పే పిల్లల్లో ఎంతమంది ఆ మెట్లు ఎక్కి, అక్కడ ఒక పుస్తకం తీసుకుని చదివారో అని నాకు అనుమానం.

ఇది వాళ్ల కోసం రాస్తున్నా, పరీక్షల గోల అయిపోయాక ఊరికే చదువుకుందాం అనుకునేవాళ్ల కోసం. కథలు, నవలలు బాగానే చదువుతారు గానీ చరిత్ర, ఆత్మకథ, యాత్ర లాంటివి మొదలుపెట్టి ఇరవై పేజీలకే మూలకు పడేసేవాళ్ల కోసం కూడా.

మొదటి పుస్తకం మీ ఊరికి దగ్గరగా ఉండేది తీసుకోండి. ప్రపంచ చరిత్రతోనో, ఆర్థికశాస్త్రంతోనో మొదలుపెడితే ఆ పేర్లు, ఊర్లు మనసుకు పట్టవు. ఓరుగల్లు వాళ్లయితే కవి కాళోజీ ఆత్మకథ ‘ఇదీ నా గొడవ’ తీయండి. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినోత్సవం అని అందరికీ తెలుసు, ఆయన 1914లో పుట్టింది కర్ణాటకలోని రట్టిహళ్లిలో అని కూడా బిట్లల్లో వస్తుంది. కానీ మడికొండలో పెరిగిన పిల్లవాడు నిజాం రాజ్యంలో ఎవరిమీద ఎందుకు గొడవపడుతూ వచ్చాడో బిట్లల్లో రాదు. కాజీపేట నుంచి బస్సులో మడికొండ మీదుగా రోజూ పోయేవాళ్లకి ఆ పేజీలు వేరే తీరుగా చదువుడవుతాయి. దాని తర్వాత తెలంగాణ ఉద్యమ సిద్ధాంతకర్త జయశంకర్ సార్ ‘వొడువని ముచ్చట’. అది సార్ జీవితం, సార్ మాటల్లోనే, ప్రశ్నలకు జవాబులుగా సాగుతుంది కాబట్టి పుస్తకాలు అలవాటు లేనివాళ్లకి కూడా ఆగకుండా పోతుంది. ఎవరైనా నన్ను మొదటి పుస్తకం అడిగితే ఈ రెండిట్లో ఒకటే చెప్తాను.

ఇక అసలు సంగతికి వస్తా. నాన్‌ఫిక్షన్ ఎప్పుడూ ఒక్క పుస్తకంగా చదవకండి. ఒకే విషయం మీద ఇద్దరు రాసినవి ఎదురెదురుగా పెట్టుకోండి. ఒక్కటే చదివితే ఆ రచయిత చెప్పిందే వేదం అయిపోతుంది, రెండోది తెరిచేసరికి మొదటాయన ఏం దాటేశాడో కనపడుతుంది, అక్కడి నుంచి చదవడంలో మజా మొదలవుతుంది.

నిజాం రాజ్యంలో దొరల మీద రైతులు చేసిన తెలంగాణ సాయుధ పోరాటమే తీసుకోండి. సుందరయ్య ‘వీర తెలంగాణ విప్లవ పోరాటం’ లావుగా ఉంటుంది, దళాలు, ఊర్లు, చనిపోయినవాళ్ల పేర్లు వరుసగా వస్తాయి. పోరాటం నడిపిన కమ్యూనిస్టు పార్టీ నాయకుడిగా ఆయన దాన్ని సమర్థిస్తూ రాశాడు. దాని పక్కన అదే పార్టీ నాయకుడు రావి నారాయణరెడ్డి జ్ఞాపకాలు పెట్టండి. 1952లో నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచింది ఈయనే అనే బిట్టు అందరికీ కంఠస్థమే. 1948 సెప్టెంబర్ పోలీసు చర్యతో భారత సైన్యం వచ్చి నిజాం రాజ్యం పోయిన తర్వాత కూడా తుపాకులు దించకుండా కొనసాగించడం తప్పు అని ఆయన వాదించిన సంగతి మాత్రం బిట్టు చదివితే తెలవదు. పోరాటం విరమించింది 1951 అక్టోబర్‌లో, అంటే ఆ మూడేండ్ల మీదే ఇద్దరికీ తకరారు. ఒకే కాలం, ఒకే మనుషులు, ఇద్దరూ లోపలివాళ్లే, అయినా రెండు లెక్కలు.

ఇక్కడితో ఆపకండి. మూడోది ‘మనకు తెలియని మన చరిత్ర’. స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో తెచ్చారు. పోరాటంలో ఉన్న ఆడవాళ్లను కూర్చోబెట్టి వాళ్ల మాటల్లోనే చెప్పించిన పుస్తకం. అడవిలో తిరుగుతూ పసిబిడ్డను వేరేవాళ్లకు ఇచ్చేయాల్సి వచ్చిన తల్లి అందులో మాట్లాడుతుంది. పోరాటం అయిపోయింది, ఇక ఇండ్లకు పోండి అని పంపితే ఏమైపోయారో ఆ ఆడవాళ్లు చెప్తారు. పై ఇద్దరు నాయకుల పుస్తకాల్లో ఈ ముచ్చటకు దొరికిన చోటు ఎంతో మీరే చూసుకోండి. మల్లు స్వరాజ్యం ‘నా మాటే తుపాకి తూటా’ కూడా దొరికితే ఇదే వరుసలో పెట్టుకోవచ్చు. ఇవన్నీ అయ్యాక కడవెండి మీదుగా పోతే ఆ ఊరు 1946 జులై 4, పోరాటంలో మొదట ప్రాణమిచ్చిన దొడ్డి కొమరయ్య అనే ఒక్క లైనుగా యాదికి రాదు.

కాకతీయుల విషయంలో నా జంట వేరు. ఒకటి సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’, 1949లో వచ్చింది, 1955లో తెలుగుకు మొట్టమొదటి సాహిత్య అకాడమీ అవార్డు దీనికే. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ జూదం ఆడారు అని కావ్యాల్లో వెతికి రాశాడు. ఆయన బాగా వాడుకున్న వాటిలో ‘క్రీడాభిరామం’ ఒకటి, మంచన శర్మ, టిట్టిభ సెట్టి అని ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధులన్నీ తిరిగే పుస్తకం. అందులో లక్ష్మణవజ్ఝల పూటకూళ్ల ఇల్లు వస్తుంది. ఒక్క రూక ఇస్తే కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకోవడానికి నాలుగైదు రకాలు. చౌరస్తాలో మెస్సు బోర్డు చూసినప్పుడల్లా నాకు ఈ పద్యం యాదికొస్తుంది.

దీనికి జంటగా పి.వి.పరబ్రహ్మశాస్త్రి ‘కాకతీయులు’. ఇది శాసనాల మీద నిలబడ్డ పుస్తకం, సురవరం అంత హాయిగా సాగదు, అది ముందే చెప్తున్నా. కానీ కావ్యంలో కవి చెప్పింది ఎంత, రాయి మీద చెక్కింది ఎంత అనేది ఇక్కడ తేలుతుంది. రుద్రమదేవి 1295 దాకా పాలించిందని పాత పుస్తకాల్లో కనపడుతుంది. నల్లగొండ వైపు చందుపట్లలో దొరికిన శాసనం ప్రకారం 1289 నాటికే ఆమె లేదు. అందుకే చరిత్ర పుస్తకం ఏది చేతికొచ్చినా మొదట తిప్పాల్సింది అచ్చయిన సంవత్సరం ఉండే పేజీ. పునర్ముద్రణ అయితే మొదటి ముద్రణ ఎప్పుడో కూడా చూడాలి, ఆ తర్వాత దొరికిన శాసనం సంగతి అందులో ఉండదు కదా. ఇంత చదివాక వేయిస్తంభాల గుడికి పోయి 1163 నాటి శాసనం ముందు కాసేపు నిలబడండి. అక్షరాలు చదవలేకపోయినా అక్కడ ఏముందో మీకు తెలుసు, పక్కన సెల్ఫీ దిగేవాళ్లకు తెలవదు.

ఇప్పుడు చేతిపని. తెలుగు పుస్తకాల్లో ముందుమాటలు బాగా ఎక్కువ, ఒక్కోదానికి నలుగురు పెద్దమనుషులు రాసి ఉంటారు, అందులో సగం పొగడ్తలే. అవన్నీ దాటేసి రచయిత తన మాటగా రాసుకున్నది మాత్రం చదవండి, మిగతావి పుస్తకం అయ్యాక ఓపిక ఉంటే. ఇంకో లోటు పదసూచిక. మన పుస్తకాల్లో చాలావాటికి వెనక అది ఉండదు, ఆరు నెలల తర్వాత ఫలానా మొగిలయ్య సంగతి ఎక్కడో చదివామే అనుకుంటే మొత్తం తిరగేయాల్సిందే. కాబట్టి మీ సూచిక మీరే రాసుకోండి. పుస్తకం వెనక ఉండే ఖాళీ పేజీ మీద, పెన్సిల్‌తో, చదువుతూ చదువుతూనే, ఊరి పేరో మనిషి పేరో రాసి పక్కన పేజీ నంబరు. అన్ని పేర్లూ వద్దు, మళ్లీ వెతుక్కుంటాం అనిపించినవి చాలు. నేను ఇంకొకటి చేస్తాను, ఒప్పుకోని చోట అంచున ప్రశ్న గుర్తు పెడతాను, జంట పుస్తకం చదివేటప్పుడు ఆ ప్రశ్న గుర్తుల దగ్గరికే మళ్లీ వస్తాను. గ్రంథాలయం పుస్తకమైతే గీతలు పెట్టకండి, ఒక కాగితం మడిచి లోపల పెట్టుకోండి. రంగు పెన్నులతో పేజీకి పేజీ పూసేయడం పరీక్ష అలవాటు, దానివల్ల ఏది ముఖ్యమో మళ్లీ కనపడదు.

కొన్ని పుస్తకాలను గబగబా చదివితే చెడిపోతాయి. ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ అట్లాంటిది. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి 1831 సెప్టెంబర్‌లో తిరిగొచ్చినాయన దారిపొడవునా రాసుకున్న దినచర్య, ఏ మజిలీలో నీళ్లు మంచివి, ఎక్కడ సామాన్లు దొరుకుతాయి, ఎక్కడ దిగడానికి చోటుంది అన్నీ రాశాడు. హైదరాబాద్ దాటి నిర్మల్ మీదుగా నాగపూర్ పోతాడు, అంటే ఇప్పుడు మనం కారులో పోయే రోడ్డుకు దగ్గరదగ్గరి దారే. రోజుకు రెండు మూడు మజిలీలే చదవండి, పక్కన ఫోన్‌లో మ్యాపు తెరిచి పెట్టుకోండి. పాత భాష మొదట్లో ఇబ్బంది పెడుతుంది, కొన్ని పేజీలు పోనిస్తే చెవి అలవాటు పడుతుంది. సామల సదాశివ పుస్తకాలకైతే ఇయర్‌ఫోన్లు కావాలి. ఆదిలాబాద్‌లో కూర్చుని హిందుస్తానీ ఉస్తాదుల గురించి ఆయన రాసిన ‘స్వరలయలు’కు 2011లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఎవరి పేరు వస్తే వాళ్ల పాట యూట్యూబ్‌లో పెట్టుకుని విన్నాకే పేజీ తిప్పండి. ‘యాది’ కూడా వదలకండి, ఉర్దూ తెలుగూ కలిసి బతికిన తెలంగాణ అందులో ఉంది.

అనువాదాలు కొనేముందు చిన్న పరీక్ష చేయండి. మధ్యలో ఎక్కడో తెరిచి అర పేజీ పైకి చదవండి. వాక్యం అర్థం కావడానికి మనసులో ఇంగ్లీషులోకి తిప్పుకోవాల్సి వస్తే అక్కడే పెట్టేయండి. కలాం ‘ఒక విజేత ఆత్మకథ’ను చినవీరభద్రుడు తెచ్చిన తీరు చూస్తే మంచి అనువాదం ఎట్లా ఉంటుందో తెలుస్తుంది. వ్యక్తిత్వ వికాసం బీరువా గురించి నాకు పెద్దగా చెప్పేది లేదు, ఒకటి చదివితే మిగతావన్నీ చదివినట్టే.

టైమ్ లేదు అనేది అందరూ చెప్పేదే. కాజీపేట నుంచి సికింద్రాబాద్ పోయే రైల్లో సీటు దొరికితే రెండు గంటలు ఎవరూ అడ్డుపడరు, ఫోన్ సంచిలో వేయండి అంతే. లావు పుస్తకం ఇంట్లో మంచం పక్కన ఉండాలి, పల్చటిది ప్రయాణంలో. నచ్చకపోతే యాభై పేజీల దగ్గర నిస్సంకోచంగా వదిలేయండి, కానీ వదిలేముందు ఒక్కసారి చివరి అధ్యాయం చూడండి, కొంతమంది అసలు మాట చివర్లో చెప్తారు.

పుస్తకం కనపడ్డప్పుడే కొనాలి. తెలుగులో ఇట్లాంటివి వేసేదే వెయ్యి కాపీలు, ఒక్కోసారి అంతకంటే తక్కువ, అయిపోతే మళ్లీ ఎప్పుడు వేస్తారో వేసినవాళ్లకే తెలవదు. డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి పోయేటట్టయితే చేతిలో చీటీ ఉండాలి, లేకపోతే వంటల పుస్తకాలతో తిరిగొస్తారు. అచ్చులో లేనివి ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో స్కాన్ చేసి పెట్టినవి చాలా ఉన్నాయి, తెలుగు వికీసోర్స్‌లో కొన్ని టైపు చేసినవే దొరుకుతాయి. స్కాన్ ఫోన్‌లో చదవాలంటే అడ్డంగా తిప్పండి, లేకపోతే కండ్లు పోతాయి.

పుస్తకాలు ఎరువిచ్చే సంగతి ఒకటి. దుకాణంలో మళ్లీ దొరికే పుస్తకమైతే ఎవరడిగినా ఇచ్చేయండి, తీసుకున్నవాళ్ల పేరు మాత్రం ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. అచ్చులో లేనిది అడిగితే ఇంటికొచ్చి చదువుకొమ్మనండి, చాయ్ మీది.